అడుగున ఇనుప రేకు

ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాక వచ్చిన హెలికాప్టర్, రాళ్లదిన్నె బడి మీద ఒక చుట్టు తిరిగి, కాస్త కిందికి దిగినట్టే దిగి, మళ్లీ పైకి లేచి గద్వాల దిక్కు వెళ్లిపోయింది. బడి కప్పు మీదున్న జనమంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అది చుక్కంత అయిపోయి మబ్బులో కలిసినా ఆడవాళ్లు కొంగులు ఊపుతూనే ఉన్నారు. మెరక మీది రైతు దశరథం దాని వెనక తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టేవి కావు.

వాడ మనిషి ఆశీర్వాదం ఒక్కడే తిట్టలేదు. అది ఎందుకు దిగలేదో అతనికి తెలుసు. తెలిసి కూడా చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లుగా హెలికాప్టర్ గురించి చెప్పి చెప్పి ఊళ్లో నవ్వులపాలైన మనిషి, తీరా అవసరం పడ్డ నాడు నోరు తెరవడానికి జంకాడంటే ఎంత విడ్డూరమో చూడండి.

అది రెండు వేల తొమ్మిది, అక్టోబరు నెల. వాన కోసం కప్పతల్లి ఆడే ఊరు రాళ్లదిన్నె. ఆడినన్నేళ్లూ రాని నీళ్లన్నీ ఆ ఒక్క వారంలోనే వచ్చాయి. తుంగభద్ర ఒడ్డున పల్లంలో ఉన్న క్రైస్తవుల వాడ ముందు మునిగింది, మెరక మీదున్న రైతుల ఇళ్లు తరువాత మునిగాయి. ఎక్కువ తక్కువలు చూడకుండా నది అందరినీ తెచ్చి బడి కప్పు మీద కూర్చోబెట్టింది. అయినా కప్పు మీద కూడా వాడవాళ్లు ఒక పక్క, మెరకవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. అలవాటు నీళ్లకు కొట్టుకుపోయేది కాదు.

బడికి పై అంతస్తు కడతామని చెప్పి, కాంట్రాక్టరు పిల్లర్ల చువ్వలను మనిషెత్తున నిలబెట్టి పోయాడు. ఆ అంతస్తు ఎన్నటికీ రాలేదు గానీ చువ్వలు మాత్రం ఇప్పుడు పనికొచ్చాయి. నీళ్లు మెట్లెక్కుతున్నప్పుడే దశరథం తెగువ చేసి వంటషెడ్డు రేకులు పీకి పైకి చేర్చాడు. ఆ రేకులు, ప్లాస్టిక్ పట్టాలు, చీరలు అన్నీ చువ్వలకు కట్టి పందిరి వేశాడు. పసిపిల్లలు, ముసలివాళ్లు, దశరథం తల్లి సాయమ్మ, అందరూ దాని కిందే ఉన్నారు. ఊళ్లో మిగిలిన నీడ అదొక్కటే.

సరిగ్గా ఆ నీడే హెలికాప్టర్‌ను దిగనివ్వలేదు.

ఆశీర్వాదం సంగతి కొంచెం చెప్పాలి. మిషన్ బడిలో చదివిన పదో తరగతి, గద్వాల షాపులో నేర్చిన వెల్డింగు, ఈ రెండూ పట్టుకుని కుర్రతనంలోనే వైమానిక దళంలో చేరాడు. డెబ్బయ్యొకటిలో బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు అతణ్ని నాగాలాండ్ వైపు కొండల మధ్య ఒక చిన్న విమానాశ్రయానికి పంపారు. అక్కడొక చిన్న హెలికాప్టర్ ఉండేది. చేతక్ అనే పేరు నలుగురికీ అలవాటైంది తరువాత, అప్పటికి ఇంకా ఫ్రాన్సువాళ్లు పెట్టిన పేరుతోనే పిలిచేవారు. కొండలెక్కడానికి వాళ్లు తయారుచేసిన బండి అది. ఆఫీసర్లను మోయడం, టపా మోయడం, జబ్బుపడ్డ సిపాయిని కిందికి దింపడం దాని పని. యుద్ధం తప్పదని తేలగానే ఆ సాధు జంతువుకు కోరలు పెట్టమన్నారు. తలుపులు ఊడదీశారు. రెండు పక్కలా రాకెట్ల గొట్టాలు బిగించారు. తలుపు సందులో మెషిన్‌గన్ను పెట్టారు. కింది నుంచి తూటా తగిలితే లోపలి మనుషులు పోతారు కనుక అడుగున అంగుళం మందాన ఇనుప రేకు అతికించమన్నారు. ఆ అతికిన చేతుల్లో రెండు ఆశీర్వాదానివి.

యుద్ధం అయిపోయింది. ఇప్పుడు బరువు తగ్గాలి, గాయపడ్డవాళ్లను పడుకోబెట్టడానికి చోటు కావాలి, ఆ రేకు తీసేయమన్నారు. అతికినవాళ్లే కోసి పక్కన పడేశారు. ఆ తరువాత అదే రకం బండ్లు ఎన్నికల పెట్టెలు మోశాయి, మంచులో చిక్కినవాళ్లను మోశాయి, వరదల్లో అటుకుల సంచులు మోశాయి. తండ్రి పోయాడని తొమ్మిదేళ్లకే కొలువు వదిలి ఇంటికొచ్చిన ఆశీర్వాదం బతుకూ అంతే. గేట్లు అతికాడు, బోర్లలోకి మోటార్లు దించాడు, కరువు కాలంలో వాడంతటితో పాటు పుణె పోయి చువ్వలు వంచాడు, సిమెంటు మోశాడు. "ఆ బండిని, నన్ను ఒక్కతాన్నే చేసిండు దేవుడు. ఏది దొరికితె అది మోయమని తోలిండు" అనేవాడు.

ఫోటోలు తీసుకోనివ్వలేదు కనుక చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. కల్లు దుకాణం దగ్గర మొదలుపెట్టాడంటే చాలు, జనం నవ్వులకు దిగేవారు. దశరథమైతే మరీను. "అంత ఇనుము అడుగున పెట్టినంక అది ఎట్ల ఎగిరింది ఆశీర్వాదం? కోడి కాలికి రోలు కట్టినట్టు లేదా?" అనేవాడు. అలా అలా పేరే మారిపోయింది. ఊళ్లో సగం మందికి అతను రాకెట్ ఆశీర్వాదం.

ఇంట్లో భార్య లలితమ్మ ఇంకో రకం. ఆ కథ విన్నన్ని సార్లు ఆమె చర్చిలో ప్రార్థన కూడా విని ఉండదు. "సాలు తీ నీ ఇనుప రేకు. ఇంటి మీది రేకు కారుతున్నది, గది సూడు ముందుగాల" అని లేచి పోయేది. ఆ మాటకు అతను నొచ్చుకునేవాడు, మళ్లీ నాలుగు రోజులకు మొదలుపెట్టేవాడు.

ఇప్పుడు ఆ లలితమ్మే పందిరి అంచున గొంగడి మీద పడి ఉంది. నీళ్లు వాడలోకి వచ్చిన పొద్దున, మేకను విప్పబోతుంటే మట్టిగోడ విరిగి ఆమె కాలి మీద పడింది. అసలే షుగరు మనిషి. ఎముక విరిగింది, చర్మం చీలింది. బురదనీళ్లలో మోసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టారు. నిన్నటి దాకా అబ్బా అమ్మా అంటూ మూలిగింది. ఇవాళ మూలుగు కూడా లేదు. పాదం నల్లబడింది, వాసన మొదలైంది, ఒళ్లు పెనంలా కాలుతోంది. ఇవాళ ఆసుపత్రికి చేరకపోతే పోయేది కాలు కాదు, మనిషే పోతుంది. ఆశీర్వాదానికి అది ఎవరూ చెప్పనక్కరలేదు.

అతను లేచి దశరథం దగ్గరికి వెళ్లాడు. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు. తిండి లేదు, నిద్ర లేదు, నోట్లో తడి లేదు.

"అన్నా, అది మల్ల వస్తది. వచ్చినా దిగది. ఈ రేకులున్నంత సేపు దిగది."

"ఏంది?"

"దాని రెక్కల గాలి శాన గట్టిగుంటది. ఈ రేకులు పట్టాలు లేస్తయి. ఒక్కటి లేసి రెక్కకు తగిలినా అది ఈడ్నే కూలుతది, అందరం పోతం. ఈ చువ్వలు గూడ అడ్డం. పైలటు ఇవి సూసే పోయిండు. తప్పు ఆయనది కాదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మొదలుపెట్టిండు రాకెట్" అన్నది ఎవరో తెలియలేదు. అలాంటి కప్పు మీద, అలాంటి రోజున కూడా నవ్వు వచ్చేవాళ్లుంటారు.

దశరథానికి నవ్వు రాలేదు. "అంటె ఉన్న నీడ పీకమంటవా? వాన సూస్తున్నవ్ గద. మా అమ్మ సూడు, ఎట్ల వణుకుతున్నదో. పసిపిల్లలున్నరు. పందిరి పీకినంక నీ హెలికాప్టర్ రాకపోతె ఏంది గతి? నీ పెండ్లాం ఒక్కదాని కోసం అందర్ని వానల కూసోబెట్టాల్నా?"

దశరథం అన్న దాంట్లో తప్పేమీ లేదు. అదే అసలు బాధ.

"ఆమె కోసమే అడుగుతున్న అన్నా. అబద్ధం ఎందుకాడాలె. నీ కాళ్లు మొక్కుత" అని నిజంగానే వంగాడు. దశరథం వెనక్కి జరిగి మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు దశరథం భార్య యాదమ్మ మాట్లాడింది. రాత్రీ పగలూ లలితమ్మ దగ్గరే కూర్చుని, తన చీర చింపి కట్టు కట్టింది ఆమే. మెరక పక్క నుంచి వాడ పక్కకు వచ్చి కూర్చున్నది కూడా ఆమె ఒక్కతే. గట్టిగా అరవలేదు, అరిచే ఓపిక లేదు.

"ఆయన కత అబద్ధమైతె కావచ్చు. ఈ కాలు అబద్ధమా? ఈడికి రా. వచ్చి వాసన సూడు."

దశరథం వచ్చాడు. ఆమె కట్టు కొంచెం తొలగించి చూపింది. అతను చూశాడు, చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. కాసేపు తల పట్టుకున్నాడు. తరువాత లేచి, తాను కట్టిన మొదటి ముడి తానే విప్పాడు.

ఒకరు విప్పడం మొదలుపెడితే మిగతావాళ్ల చేతులు ఊరుకోవు. చీరలు తీసి మడిచి మనుషుల కింద పెట్టారు. పట్టాలు చుట్టి, జొన్న మూటలతో అదిమారు. రేకులు మాత్రం ఎక్కడ పెట్టినా ప్రమాదమేనని ఆశీర్వాదం అన్నాడు. దశరథం వాటిని ఒక్కొక్కటే అంచు దాకా మోసి నీళ్లలో పడేశాడు. అవి తేలుతూ, తిరుగుతూ, మునుగుతూ పోతుంటే అతను చూడకుండా ఇటు తిరిగి నిలబడ్డాడు.

ఇక చువ్వలు. కోయడానికి రంపం లేదు, కొట్టడానికి సమ్మెట లేదు. అందరూ వాటి వైపు చూస్తున్నారు.

"గొట్టం కావాలె మామా. గొట్టముంటె సాలు" అంది జంగమ్మ. వాడ మనిషి. పెళ్లైన నాటి నుంచి పుణెలో, బొంబాయిలో మేస్త్రీల కింద చువ్వలు వంచిన చేతులామెవి. పాలమూరు కూలీలకు ఇది కొత్తగా నేర్పే పని కాదు. చువ్వ కొసకు గొట్టం తొడిగి, గొట్టం పట్టుకుని నలుగురు వేలాడితే ఎంతటి చువ్వైనా వంగుతుంది. కానీ గొట్టం ఎక్కడిది?

గొట్టం వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. పంద్రాగస్టు నాడు పైన నిలబెట్టి, పండగ అయ్యాక విప్పి, గోడ వారగా పడేసిన జెండా గొట్టం. జంగమ్మ దాన్ని ఎత్తి, చువ్వకు తొడిగి, బరువంతా వేసింది. ఆశీర్వాదం పట్టాడు. బరువు చాలలేదు. దశరథం వచ్చి పట్టాడు, అతని వెనక మెరక మగవాళ్లూ వచ్చారు. ఒక్కో చువ్వ మూలుగుతూ కిందికి వంగింది. జెండా గొట్టం కూడా వంకరపోయింది. బడి పంతులు కప్పు మీద లేడు కనుక అడిగేవాళ్లు లేకపోయారు.

ఆ తరువాత అందరూ వానలో కూర్చున్నారు.

చెప్పుకోవడానికి అది చిన్న మాటే గానీ, అనుభవించినవాళ్లకు తెలుస్తుంది. నీడ ఉన్నప్పుడు వాన ఎంత పడుతోందో ఎవరికీ తెలియలేదు, ఇప్పుడు చినుకు చినుకూ తెలుస్తోంది. పిల్లలు ఏడ్చి ఏడ్చి, ఏడుపు కూడా మానేశారు. సాయమ్మను యాదమ్మ ఒళ్లోకి లాక్కుని కొంగు కప్పింది. ఆ కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరూ ఆశీర్వాదాన్ని ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

చాలా సేపటికి దశరథం పక్కకు వచ్చాడు. "రాకపోతె?" అని అడిగాడు. మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అడిగాడు.

"తెల్వదన్నా" అన్నాడు ఆశీర్వాదం. నిజంగానే తెలియదు. ఎన్ని ఊళ్లు మునిగాయో, ఎన్ని కప్పుల మీద ఎంతమంది ఉన్నారో. ఒకసారి చూసి వదిలేసిన కప్పు మీదికి మళ్లీ ఎందుకు రావాలి? అతనికి భయం కూడా వేయడం లేదు. ఒళ్లంతా అలసట. కళ్లు మూసుకుంటే అలాగే కూలిపోతానేమోనని రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

లలితమ్మ కళ్లు తెరిచింది. మీద పందిరి లేకపోవడం చూసింది, ఖాళీ కప్పు చూసింది, తడుస్తున్న ఊరిని చూసింది. "నీ మాట ఎట్ల విన్నరయ్యా ఈ పిచ్చోళ్లు?" అంది. మాట సగం గాలిలోనే పోయింది. అతను ఆమె మొహం మీద చెయ్యి అడ్డం పెట్టి వాన ఆపాడు.

ముందు విన్నది అతనే. వానచప్పుడు వెనక ఇంకో చప్పుడు, పలచగా, తెగకుండా. లేచి నిలబడ్డాడు. "అందరు గోడకు ఆనుకొని కూసోండ్రి! పిల్లల్ని గట్టిగ పట్టుకోండ్రి! కొంగులు నడుముకు చుట్టుకోండ్రి, తువ్వాలలు ఊపొద్దు, ఎవ్వరు లేవొద్దు!" అని అరిచాడు. అంత గొంతు అతనిలో ఇంకా మిగిలి ఉందని అతనికే తెలియదు. దశరథం అదే మాట రెండు పక్కలకూ తిరిగి చెప్పాడు.

ఆశీర్వాదం కప్పు మూలకు పోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వీపు గాలికి పెట్టి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకి ఎత్తాడు. ఎత్తిన చేతులు ఆడించలేదు. ఆడిస్తే దిగొద్దన్న సైగ అనుకుని వెళ్లిపోతుంది. నలభై ఏళ్ల కిందట నేర్చిన పని. బుద్ధి మరిచినా చేతులు మరవలేదు.

వచ్చింది చేతక్కే. రంగు మారింది, ముసలిదైంది, గొంతు మాత్రం అదే. గన్నులు లేవు, గొట్టాలు లేవు. పక్క తలుపు తీసి ఉంది, అందులో ఒక కుర్ర ఎయిర్‌మన్ బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. అతని చూపు వంగిన చువ్వల మీద పడింది, ఖాళీ కప్పు మీద పడింది, మూలన చేతులెత్తిన ముసలివాడి మీద ఆగింది. హెలికాప్టర్ కొద్దికొద్దిగా దిగింది. గాలికి కళ్లు తెరవలేకపోయారు. ఆశీర్వాదం చేతులతో రమ్మన్నాడు, ఇంకా రమ్మన్నాడు, ఆగమన్నాడు. కప్పు బరువు ఆపలేదని పైవాళ్లకూ తెలుసు. చక్రాలు అలా ఆనీ ఆనకుండా నిలిచాయి.

గొంగడి నాలుగు కొసలు పట్టుకుని లలితమ్మను ఎత్తారు. దశరథం ఒక కొస, జంగమ్మ ఒక కొస. ఎయిర్‌మన్ లోపలికి లాక్కున్నాడు. తరువాత ఆశీర్వాదం వైపు చూసి, ఇంకొక్కరు అని వేలు చూపి, నువ్వే ఎక్కమని సైగ చేశాడు.

ఎక్కాలనే అతని ప్రాణం కొట్టుకుంది. ఆమె లోపల ఒక్కతే ఉంది, సగం మగతలో ఉంది. కానీ వెనక్కి తిరిగితే సాయమ్మ కనిపించింది, పెదాలు నీలంగా, దవడ కొట్టుకుంటూ. దశరథం తల్లి వైపు చూడలేదు, ఆశీర్వాదం వైపూ చూడలేదు. నేల చూస్తున్నాడు. అడగడానికి అతనికి మొహం లేదు. ఆశీర్వాదం పోయి ముసలామెను రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. దూది మూటంత బరువు కూడా లేదు. తెచ్చి లోపల పెట్టాడు, వెనక్కి జరిగాడు, మూలకు పోయి, పైకి లేవమని చేతులు చూపాడు.

హెలికాప్టర్ లేచింది. తలుపులో ఉన్న కుర్రవాడు అతని వైపు బొటనవేలు ఎత్తి చూపాడు. బండిని నేల మీది నుంచి సాగనంపే మనిషికి పైవాళ్లు చెల్లించే మర్యాద అది. ముప్పై ఏళ్లుగా ఎవరూ చూపలేదు. ఆశీర్వాదానికి ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు గానీ, అతను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

దశరథం పక్కన వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ చాలా సేపు అటే చూశారు. "కోడి కాలికి రోలు కట్టినా ఎగిరే ఉంటది తీయ్" అన్నాడు దశరథం చివరికి.

మర్నాడు పడవలు వచ్చాయి. ఆశీర్వాదం పడవ దిగి, బురదలో నడిచి, సహాయం లారీ పట్టుకుని గద్వాల చేరాడు. ఆసుపత్రి వరండాలన్నీ జనమే. సాయమ్మ ఒక బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ కనిపించింది. లలితమ్మ లోపలి వార్డులో కింద పరుపు మీద ఉంది. దుప్పటి కింద ఒక కాలు మోకాలి దాకే ఉంది. అతను చూసి పక్కన కూలబడ్డాడు.

ఆమే మాట్లాడింది. నీరసంగా, విసుగ్గా, ఎప్పటి గొంతుతోనే.

"లేదు."

"ఏంది లేనిది?"

"నీ ఇనుప రేకు. ఈ మంచి కాలితోని అంత తడిమి సూసిన. అడుగున ఏడ లేదు."

అతను ఆమె మొహం కేసి చూశాడు. "కోసేసినం గద లలితా. యుద్ధమైనంక. చెప్పిన గద."

"చెప్పినవ్. నాకు తెల్వదా? కోసిన తాన అతుకు మచ్చన్న ఉంటది గద, అది దొరుకుతదేమోనని సూసిన. కండ్లు మసకలాయె. సరిగ్గ సూడలె."

అది వేరే బండి అని, ఆ బండి ఏ తుక్కులో కలిసిందో ఎవరికీ తెలియదని చెప్పబోయి ఆశీర్వాదం ఆగిపోయాడు. వినకుండా లేచి వెళ్లేదనుకున్న మనిషి ఒక్క ముక్క వదలకుండా విన్నది. కాలు కుళ్లుతూ, జ్వరంలో కాలుతూ, ఆకాశంలో కూడా అతని అతుకు కోసమే వెతికింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏడ్వకు. నొప్పికి నిద్ర పడతలేదు" అంది లలితమ్మ కళ్లు మూసుకుని. "ఆ కత చెప్పు. మొదటికెల్లి చెప్పు. అదింటె ఎప్పుడన్న నిద్రొస్తది నాకు."

అతను గొంతు సవరించుకుని, కొండల మధ్య చిన్న విమానాశ్రయం దగ్గర మొదలుపెట్టాడు. తలుపులు ఊడదీశాడు. గొట్టాలు బిగించాడు. ఇనుప రేకు దాకా రాకముందే ఆమె నిద్రపోయింది. అతను ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.